సారె ఫ్రిజ్, చెల్లిపోయిన వారంటీ

రాత్రి ఎనిమిదింటికి మూలపేట నుంచి మా అప్ప కూతురు ఫోన్ చేసింది. “మావయ్యా, ఫ్రిజ్ ఆగిపోనాది. కంపెనీవోడొచ్చి సూసి వారంటీ అయిపోనాదంటన్నాడు. తెచ్చి ఆర్నెల్లు కూడా అవనేదు కదా!” అంది. ఏడుపు ఆపుకుంటోందని గొంతులోనే తెలుస్తోంది. కొత్త కోడలు, పుట్టింటి నుంచి వచ్చిన వస్తువు, అత్తగారింట్లో అందరి ముందూ ఆగిపోయింది. ఆగిపోయింది ఒక్క ఫ్రిజ్జే కాదు, పుట్టింటి మాట కూడా అన్నట్టుంటుంది ఆ ఇబ్బంది. ఆడపిల్లలున్న ఇళ్ళకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

బిల్లు మా బావ దగ్గరుంది. తీయించి చూశాను. 2024 ఆషాఢంలో కాశీబుగ్గలో కొన్నారు. పెళ్ళి 2025 మాఘంలో. సంబంధం కుదిరింది, ముహూర్తం దూరంగా ఉంది, ఆషాఢం తగ్గింపులు నడుస్తున్నాయి, పైగా జీడిపిక్కల డబ్బు చేతికొచ్చిన రోజులు. ఇప్పుడు కొనేస్తే నాలుగు డబ్బులు మిగులుతాయనుకున్నాడు బావ. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మిక్సీ, రెండు ఫ్యాన్లు అట్టపెట్టెల్లోనే లోపలి గదిలో ఏడు నెలలున్నాయి. పెళ్ళయ్యాక సారెతో వ్యాన్ ఎక్కాయి. ఏడాది వారంటీలో సగానికి పైగా అట్టపెట్టెలోనే కరిగిపోయిందని మాలో ఒక్కరికీ తట్టలేదు. 2025 జూలైతో గడువు తీరింది. ఆగస్టులో ఫ్రిజ్ ఆగింది.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఇంత రాయాల్సిన పని లేదు. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఉద్దానంలో, తీరంలో, పెళ్ళి సామాను కొనే తీరే ఇది. ఒకప్పుడు కావిళ్ళ మీద అరిసెలూ, చీరలూ వెళ్ళేవి. ఇప్పుడు వాటితోపాటు కరెంటు వస్తువులు వెళ్తున్నాయి. తగ్గింపు ఉన్నప్పుడు కొంటాం, ముహూర్తం వచ్చాక వాడతాం. మధ్యలో ఉన్న నెలల్ని కంపెనీ లెక్కలో వేసుకుంటుంది, మనం వేసుకోం.

ఆ లెక్క గురించి ప్రభుత్వానికీ తెలుసు. 2024 సెప్టెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ పెద్ద కంపెనీలకూ, పరిశ్రమల సంఘాలకూ ఒక లేఖ రాసింది. ఏసీలు, ఫ్రిజ్‌ల్లాంటి వాటి వారంటీని కొన్న తేదీ నుంచి కాకుండా ఇంట్లో బిగించిన తేదీ నుంచి లెక్కించండి అని ఆ లేఖ సారాంశం. అది చట్టం కాదు, సూచన. కొన్ని కంపెనీలు బిగించిన రోజు నుంచే లెక్కిస్తాయి, కొన్ని బిల్లు తేదీకే కట్టుబడతాయి. కాబట్టి కొనే ముందే వారంటీ కాగితంలో ఆ ఒక్క వాక్యం వెతకాలి: కొన్న రోజు నుంచా, బిగించిన రోజు నుంచా? కొన్న రోజు నుంచి అని ఉంటే ఒక దారి ఉంది. అడ్వాన్సు ఇచ్చి ధర ఖాయం చేసుకోండి, అడ్వాన్సుకు రసీదు తీసుకోండి, వస్తువూ బిల్లూ మాత్రం ముహూర్తానికి ముందు తీసుకుంటామని చెప్పండి. ఆషాఢంలో బేరం కావాలనుకునే దుకాణదారు దీనికి ఒప్పుకోవచ్చు. మా బావ అడగలేదు. అడగొచ్చని తెలియదు.

“మీ ఊరి గాలే అలాంటిది”

సర్వీసు కుర్రాడు చెప్పిన మొదటి కారణం గడువు. రెండోది వోల్టేజీ. మూడోది ఉప్పుగాలి. ఫ్రిజ్ వెనక రేకు మీద తుప్పు మరకలు చూపించి, “ఇక్కడ ఏ వస్తువైనా ఇంతేనండి” అన్నాడట. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడూ ఎక్కడో టెక్కలి చుట్టుపక్కల ఊరివాడే, పై నుంచి చెప్పిన మాటే చెప్తాడు. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మూలపేట సంతబొమ్మాళి మండలంలో ఉంది. పక్కనే నౌపడ ఉప్పుమళ్ళు. ఇటు సముద్రం, అటు ఉప్పు, మధ్యలో ఊరు. ఈ గాలికి ఇనుప గేటు ఎలా తుప్పుపడుతుందో, సైకిల్ గొలుసు ఎలా బిగుసుకుపోతుందో ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఫ్రిజ్‌లో, ఏసీలో గ్యాస్ తిరిగే సన్నని గొట్టాలు ఉంటాయి. ఉప్పు తేమ వాటిని కొరుకుతుంది, సూదిమొన అంత బెజ్జం పడుతుంది, గ్యాస్ మెల్లగా పోతుంది. సర్క్యూట్ బోర్డు మీద అతుకులు పచ్చబారతాయి. ఇదంతా నిజమే. నా ప్రశ్న వేరు. 2023 ఏప్రిల్ 19న ఇక్కడ పోర్టుకు శంకుస్థాపన జరిగింది. అంతకు ముందూ ఇది సముద్రపు ఒడ్డే. ఈ తీరంలో దుకాణాలు పెట్టి, డీలర్లను నియమించి, గోడల మీద బొమ్మలు వేయించి అమ్మిన కంపెనీకి ఇక్కడ సముద్రం ఉందని అమ్మేటప్పుడు తెలియదా?

దీనికి సమాధానం 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోనే ఉంది. ఆ చట్టం 16వ సెక్షన్ చెప్పేదేమిటంటే, కొనేవాడు తనకు ఆ వస్తువు దేనికి కావాలో అమ్మేవాడికి తెలియజేసి, అతని నేర్పు మీద నమ్మకం పెట్టి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలి. కాగితం మీద రాసినా రాయకపోయినా ఆ షరతు ఉన్నట్టే. అందుకని దుకాణంలో నోరు విప్పి చెప్పడం ముఖ్యం: “మాది మూలపేట, సముద్రం ఒడ్డు, ఈ గాలికి ఆగేది ఇవ్వండి.” వీలైతే బిల్లు మీద ఊరి పేరు, ఇంటి చిరునామా రాయించండి. గొట్టం రాగిదా, అల్యూమినియమా, తుప్పు పట్టకుండా పూత ఉందా అని అడగండి. మన తాతలు పడవ చెక్క కొనేటప్పుడు ఇంతకన్నా ఎక్కువ ప్రశ్నలే అడిగేవారు.

వోల్టేజీ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఇళ్ళకిచ్చే కరెంటు 230 వోల్టులు. దానికి ఆరు శాతం అటూ ఇటూ, అంటే దాదాపు 216 నుంచి 244 మధ్య ఉండాలన్నది ఎప్పటి నుంచో ఉన్న నిబంధన. సాయంత్రం మోటార్లు, లైట్లు, టీవీలు ఒక్కసారి పడితే చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇళ్ళలో ఫ్యాన్ ఎలా మూలుగుతుందో మనకు తెలుసు. అప్పుడు చేయాల్సింది తిట్టుకుని ఊరుకోవడం కాదు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. మన వైపు కరెంటు పంచేది విశాఖ కేంద్రంగా ఉన్న ఈపీడీసీఎల్. అక్కడ తేలకపోతే 2003 విద్యుత్ చట్టం కింద వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆ ఫిర్యాదు నంబరు ఒక కాగితం మీద రాసి దాచుకుంటే రేపు కంపెనీ “వోల్టేజీ వల్లే” అన్నప్పుడు మన చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. లేకపోతే కంపెనీ కరెంటోళ్ళ మీదికి తోస్తుంది, కరెంటోళ్ళు కంపెనీ మీదికి తోస్తారు, మధ్యలో మనం చేపలు ఎండబెట్టుకుంటాం.

ఎర్తింగ్ గురించి ఒక మాట. ఉద్దానం నేల ఇసుక. ఎండిన ఇసుకలోంచి కరెంటు సులువుగా భూమిలోకి దిగదు. అందుకే పాత ఎలక్ట్రీషియన్లు లోతుగా గొయ్యి తీసి బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, వేసవిలో రెండు బిందెల నీళ్ళు పోయమని చెప్పేవారు. కొత్తగా కట్టిన చాలా ఇళ్ళలో మూడు బెజ్జాల సాకెట్ ఉంటుంది, మూడో బెజ్జం వెనక తీగే ఉండదు. ఎర్తింగ్ లేదని రాసి వారంటీ తోసిపుచ్చడం కంపెనీకి సులువు. అంతకన్నా పెద్ద సంగతి, తడికాళ్ళతో ఫ్రిజ్ తలుపు తీసే ఆడవాళ్ళ ప్రాణం.

సర్వీసు కుర్రాడికి మా మేనకోడలు గుంటతో ఫోన్‌లో నేను చెప్పించింది ఒక్కటే. “మీరు నోటితో సెప్పింది కాయితం మీద రాసియ్యండి.” జాబ్ షీట్ అనే ఆ కాగితం మీద ఏం పోయింది, ఎందుకు పోయింది, వోల్టేజీ కొలిచారా, కొలిస్తే ఎంత ఉంది అన్నవి రాయమంది. అతను వోల్టేజీ కొలవలేదు. మీటరు తీసి అప్పుడు కొలిస్తే 226 వచ్చింది. అదే రాశాడు, సంతకం పెట్టాడు. పోయింది బోర్డు. తుప్పు పట్టింది రేకు మీద, బోర్డు మీద కాదు. గంట ముందు దాకా “వోల్టేజీ, ఉప్పుగాలి” అన్న మాట కాగితం ఎక్కేసరికి “బోర్డు పనిచేయడం లేదు” అని మిగిలింది.

పదేళ్ళ బొమ్మ, ఏడాది నిజం

ఫ్రిజ్ తలుపు మీద “10 ఏళ్ళ వారంటీ” అని పెద్ద స్టిక్కర్ ఉంది. అది చూసే బావ కొన్నాడు. ఆ పదేళ్ళూ కంప్రెసర్‌కు మాత్రమే. మిగతా ఫ్రిజ్ అంతటికీ ఒక్క ఏడాది. కంప్రెసర్ పోయినా ఇస్తారు గానీ అందులో నింపే గ్యాస్‌కు, బిగించే కూలీకి, ఇంటికొచ్చిన ఖర్చుకు డబ్బు కట్టాలని చాలా కంపెనీల కాగితాల్లో సన్నని అక్షరాలతో ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే ఇంకో రకం. “60 నెలలు” అంటారు. అందులో మొదటి 36 నెలలు పోతే ఉచితంగా కొత్తది, తర్వాతి 24 నెలలు పోతే కొత్త బ్యాటరీ ధరలో కొంత తగ్గింపు. ఆ తగ్గింపు కూడా గరిష్ఠ చిల్లర ధర మీద లెక్క కడతారు. దుకాణంలో మామూలుగా అమ్మేది అంతకన్నా తక్కువకే కాబట్టి చేతికి మిగిలేది కొంచెమే. మార్చి ఇచ్చిన బ్యాటరీకి కొత్తగా 60 నెలలు రావు, పాతదానికి మిగిలిన నెలలే వస్తాయి.

మనవాళ్ళు దుకాణంలో “గ్యారంటీ ఉందా?” అని అడుగుతారు. అవతలివాళ్ళు “గ్యారంటీ కాదండి, వారంటీ” అంటారు. గ్యారంటీ అంటే మార్చి ఇవ్వడం, వారంటీ అంటే బాగుచేయడం అని ఒక నమ్మకం వాడుకలో ఉంది. చట్టం ముందు ఆ పేరు కన్నా కాగితంలో రాసిన మాటే నిలుస్తుంది. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతే చెప్పింది. కారు క్లచ్‌లో లోపం. కొన్నాయన కారే మార్చాలన్నాడు. వారంటీ షరతుల ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చడమే బాధ్యత, కారు మొత్తాన్ని కాదని కోర్టు తేల్చింది. ఫ్రిజ్ కొంటున్నవాళ్ళూ ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి. బోర్డు పోతే బోర్డు గట్టిగా అడగండి. పదే పదే బాగుచేసినా కుదరకపోతే, పుట్టుకలోనే లోపముందని చూపగలిగితే, అప్పుడు మొత్తం మార్చమనో డబ్బు తిరిగివ్వమనో అడగండి.

మన దేశంలో ఫ్రిజ్‌కు కనీసం ఇన్నేళ్ళు వారంటీ ఉండి తీరాలన్న చట్టం లేదు. కంపెనీ ఎంత రాస్తే అంత. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఏ కొత్త వస్తువుకైనా అమ్మినవాడు కనీసం రెండేళ్ళు బాధ్యుడు. మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది మొదటి నుంచీ ఉన్నదేనని చట్టం అనుకుంటుంది, కాదని చూపే బరువు అమ్మినవాడిదే. నార్వేలో ఎక్కువకాలం మన్నాల్సిన వస్తువులకు ఐదేళ్ళ దాకా ఫిర్యాదు చేయొచ్చు. అక్కడి మనిషికీ మూలపేట మనిషికీ ఫ్రిజ్ ఒకటే పని చేస్తుంది, చేప చెడకుండా చూస్తుంది. నిరూపించే బరువు మాత్రం మన దగ్గర కొన్నవాడి నెత్తిమీదే ఉంది. ఇది మారాలి. కంపెనీ ఇష్టంతో పనిలేని కనీస వారంటీ, వాడకం మొదలైన రోజు నుంచి లెక్కించేది, మన చట్టంలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కచ్చా చీటీ బేరం

ఈ కథలో బావ చేసిన ఒక మంచి పని, పక్కా బిల్లు తీసుకోవడం. అతనికీ దుకాణంలో ఆశ చూపారు. “బిల్లు వద్దంటే జీఎస్టీ ఉండదు బావూ” అన్నారట. ఫ్రిజ్ మీద పన్ను 18 శాతం. ఇరవై అయిదు వేల వస్తువు మీద అది చిన్న డబ్బు కాదు, జీడితోటలో పిక్కలు ఏరే కూలి మనిషికి ఎన్నో రోజుల కష్టం. ఆ డబ్బు మిగులుతుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ ‘ఎస్టిమేట్’ అని రాసిచ్చే ఆ తెల్లచీటీతో ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు, ఏ వినియోగదారుల కమిషన్ ముందూ నిలబడటం సులువు కాదు. చట్టం అయితే ఆ తప్పు కొన్నవాడి మీద వేయలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. చెడ్డ సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల్లో, వెనక్కి తీసుకోనని మొండికేయడమూ అంతే. “ఒకసారి అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు” అని బిల్లు అడుగున అచ్చు వేసి చూపిస్తారు కదా, లోపమున్న వస్తువు విషయంలో ఆ అచ్చు వాళ్ళను కాపాడదు.

బిల్లు మీద వస్తువు సీరియల్ నంబరు ఉందో లేదో చూడండి. వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, తేదీ వేయించండి. చాలా బిల్లులు ఇప్పుడు వేడికి అక్షరాలు పడే సన్నకాగితం మీద వస్తున్నాయి. మన తీరపు ఉక్కకు ఆర్నెల్లలో అక్షరాలు మాయమవుతాయి. కొన్న రోజే ఫోన్‌లో ఫొటో తీసి ఇద్దరికి పంపి ఉంచండి.

గుర్తింపు ముద్ర కూడా చూడాలి. ఇస్త్రీపెట్టె, వాటర్ హీటర్, స్విచ్చులు, తీగల మీద ఐఎస్ఐ ముద్ర, దాని కింద ‘సీఎం/ఎల్’తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ ఫ్యాక్టరీదో, లైసెన్సు బతికుందో లేదో తెలుస్తుంది. సంతలో చవగ్గా దొరికే హీటర్ రాడ్డు మీద ముద్ర బొమ్మ ఉంటుంది, నంబరు ఉండదు. అలాంటిది నీళ్ళ బకెట్‌లో పెట్టకండి.

మన ప్రాంతంలో మరే వస్తువు కన్నా ఎక్కువ భయంతో కొనేది నీళ్ళు శుద్ధిచేసే మిషను. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఉద్దానంలో ఎన్ని కుటుంబాలను తినేసిందో ఇక్కడ పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చేదాకా ఈ మనుషులు డయాలసిస్ కోసం ఊళ్ళు పట్టుకు తిరిగారు. ఆ భయం మీద బేరం జరుగుతుంది. “ఈ మిషను పెడితే మీ ఇంటికి కిడ్నీ జబ్బు రాదు” అని ఎవరైనా అంటే, ఆ మాటను రాసిమ్మనండి. రాసివ్వరు. రుజువు లేని అలాంటి హామీ చట్టం దృష్టిలో తప్పుదోవ పట్టించే ప్రకటన. దీని మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఇక ఆ మిషను వారంటీలో మెంబ్రేన్, ఫిల్టర్లు మామూలుగా ఉండవు, అరిగిపోయేవన్న పేరుతో తీసేస్తారు. నీళ్ళలో ఉప్పు ఎక్కువున్న చోట మొదట పోయేవి అవే. కొనేటప్పుడే ఏడాదికి వాటికయ్యే ఖర్చు ఎంతో అడగకపోతే తర్వాత మిషను ధర కన్నా అదే ఎక్కువవుతుంది.

ఎవరు వినియోగదారు?

బిల్లు మా బావ పేరు మీద ఉంది. ఫ్రిజ్ వాడేది మూలపేటలో వాళ్ళమ్మాయి. “కొన్నాయన్ని రమ్మనండి” అని కాల్ సెంటర్‌లో రెండుసార్లు అన్నారు. ఇది అనవసరమైన అడ్డు. డబ్బిచ్చి కొన్నవాళ్ళే కాదు, వాళ్ళ అనుమతితో వాడుకునేవాళ్ళు కూడా వినియోగదారులే అని చట్టంలో స్పష్టంగా ఉంది. సారెగా వచ్చిన ఫ్రిజ్‌కు కోడలే వినియోగదారు. ఆమె పేరు మీదే ఫిర్యాదు వేయొచ్చు.

ఎక్కడ వేయాలన్నది ఇంకా మంచి మార్పు. 1986 నాటి పాత చట్టంలో మామూలుగా అవతలి కంపెనీ ఎక్కడుంటే, లేదా వ్యవహారం ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్ళాలి. 2020 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో ఫిర్యాదుదారు నివసించే చోట, పనిచేసే చోట కూడా వేయొచ్చు. బిల్లు మీద “వివాదాలన్నీ విశాఖపట్నం పరిధికి లోబడి” అని ఉన్నా సరే, మూలపేట మనిషి శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళొచ్చు. వస్తువు విలువ అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ద్వారా వేయొచ్చు, వీడియోలో విచారణకు కూర్చోవచ్చు. లోపం పరీక్ష చేస్తేనే తేలుతుందనుకుంటే కమిషనే వస్తువును ప్రయోగశాలకు పంపిస్తుంది. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఇంకా ఆలస్యమవుతుంది, ఆ మాట దాచను. ఆడవాళ్ళయితే ఆదాయంతో పనిలేకుండా 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలు సాయం పొందొచ్చు, దానికి నంబరు 15100.

ఇక్కడ పలాస జీడి బట్టీల వాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. వ్యాపారానికి కొన్న యంత్రం సంగతేమిటి? వ్యాపార అవసరానికి కొన్నవాళ్ళు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. కానీ తన పొట్టకూటి కోసం స్వయంగా తానే పనిచేసుకోవడానికి కొంటే ఆ మినహాయింపు వర్తించదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. తానే నడుపుకుని బతకడానికి ఆటో కొన్నవాడు వినియోగదారే అని చెప్పింది. అలాగే ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి, కిళ్ళీకొట్టులో చిన్న ఫ్రిజ్ పెట్టి తానే కూల్‌డ్రింకులు అమ్ముకునే మనిషి వినియోగదారులే. పదిమంది కూలీలతో నడిచే ఫ్యాక్టరీకి కొన్న డ్రయ్యర్ వేరే లెక్క.

కొబ్బరితోటకు మోటారు కొన్న రైతు? దీనికి ఆంధ్రప్రదేశ్ రైతులే దారి వేశారు. నాసిరకం విత్తనాల మీద పోరాడిన రైతులను జాతీయ విత్తన సంస్థ సుప్రీంకోర్టు దాకా లాగింది. 2012 జనవరి 16న ఎం. మధుసూదన్ రెడ్డి కేసుగా తెలిసిన ఆ తీర్పులో రైతులు వినియోగదారులేనని కోర్టు చెప్పింది. పరీక్షకు విత్తనం మిగల్చలేదేమని సంస్థ అడిగితే, ఉన్నదంతా చల్లుకునే రైతు పరీక్ష కోసం విత్తనాలు పక్కన పెడతాడని ఆశించలేమని కూడా చెప్పింది. బోరు మోటారు వైండింగ్ కాలిపోయినప్పుడు ఎండుతున్న తోటను చూసుకుంటూ ఎవరైనా ఆగగలరా? వెంటనే విప్పించి చుట్టిస్తారు. విప్పితే వారంటీ పోతుందంటారు. కనీసం విప్పే ముందు నేమ్‌ప్లేటునూ, కాలిన వైండింగ్‌నూ ఫొటోలు తీయండి. కంపెనీకి ఫోన్ చేసిన రోజూ సమయమూ రాసుకోండి.

మూడు వారాలు

మా వైపు ఏం జరిగిందో చెప్తాను. జాబ్ షీట్ ఫొటో, బిల్లు ఫొటో, పెళ్ళి శుభలేఖ ఫొటో కలిపి కంపెనీకి మెయిల్ రాశాం. శుభలేఖ ఎందుకంటే ఫ్రిజ్ వాడకం ఏ నెలలో మొదలైందో చెప్పే కాగితం మా దగ్గర అదొక్కటే. వారం తర్వాత జవాబొచ్చింది, వారంటీ గడువు ముగిసింది గనుక బోర్డుకు, రాకపోకలకు డబ్బు కట్టాలని. అప్పుడు 1915కు ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. వివరాలన్నీ తీసుకుని ఫిర్యాదు నంబరు ఇచ్చారు, కంపెనీకి పంపించారు. హెల్ప్‌లైన్ కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు. కానీ మనం రాస్తే గుమాస్తా చూసే కాగితాన్ని అది పంపితే ఇంకాస్త పైవాళ్ళు చూస్తారు.

కంపెనీకి పంపిన మెయిల్‌లో మేం రాసిన ముఖ్యమైన వాక్యం వాడకం గురించే. మొదటిసారి ప్లగ్ పెట్టింది ఫిబ్రవరిలో, బోర్డు పోయింది ఆగస్టులో, వోల్టేజీ 226 అని మీ మనిషే రాశాడు, ఆరు నెలలకే బోర్డు పోతే అది వాడకంలో అరిగింది కాదు, తయారీలోనే ఉన్న లోపం అన్నాం. తేలకపోతే శ్రీకాకుళం కమిషన్‌కు వెళ్తామని కూడా రాశాం. మా గుంట నిజంగానే వెళ్ళడానికి సిద్ధపడింది. బస్సు టైములు కూడా కనుక్కుంది.

పదహారో రోజున కంపెనీ నుంచి ఫోన్. బోర్డు ఉచితంగా మారుస్తాం, అయితే ఇది వారంటీ కింద కాదు, కస్టమర్ మీద అభిమానంతో చేస్తున్నాం అన్నారు. నా మేనకోడలు ఏమందో నాకు తర్వాత చెప్పింది. “అభిమానం వద్దు సార్. మార్సిన బోర్డుకి వారంటీ ఎన్నాళ్ళో అది రాసియ్యండి.” కాసేపు ఎవరితోనో మాట్లాడి, మారిన బోర్డుకు తొంభై రోజులు అన్నారు. అదే మెయిల్‌లో పెట్టమంది. పెట్టారు.

ఆ మధ్యాహ్నం వచ్చింది పాత కుర్రాడే. బోర్డు మార్చాడు. ఆమె వాడితో ఎర్తింగ్ కూడా చూపించుకుంది. మూడో బెజ్జం వెనక తీగ ఉంది గానీ భూమిలోకి దిగలేదు, గోడలోనే ఆగిపోయింది. మర్నాడు మావగారు గొయ్యి తవ్వించారు. బొగ్గు కాశీబుగ్గ నుంచి తెచ్చారు, ఉప్పుకు దూరం వెళ్ళక్కర్లేదు. ఫ్రిజ్‌ను సముద్రం వైపు కిటికీ పక్క నుంచి లోపలి గోడకు జరిపారు.

వాషింగ్ మెషిన్ కూడా అదే ఆషాఢంలో, అదే బిల్లులో కొన్నది. దాని మోటారుకు పదేళ్ళు, మిగతాకు రెండేళ్ళు. మొన్న మా అప్ప ఇంటికి వెళ్తే గోడ మీద పంచాంగం క్యాలెండర్‌లో 2026 జూలై పేజీ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. పక్కన బావ రాత: “బట్టల మిషను, ఈలోపే సూపించాల.”